బీపీకి బ్రేకు మెదడులో ఉంటుంది

మా అక్కకి సిజేరియన్ జరిగినప్పటి సంగతి. వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, కాళ్ళు బరువెక్కి మొద్దుబారిపోయాయి, ఇక మొదలుపెడతారు అనుకుంటూ ఉండగానే కడుపులో తిప్పినట్టయి కళ్ళు బైర్లు కమ్మాయట. మత్తు డాక్టరు మానిటర్ చూసి "బీపీ కాస్త పడింది, కంగారేం లేదమ్మా" అంటూ సెలైన్ గొట్టంలోకి సిరంజితో ఏదో మందు కొద్దిగా ఎక్కించారు, నిమిషం తిరక్కుండా సర్దుకుంది. ఇంటికొచ్చాక తను నన్నడిగింది: "నడుం కింద నొప్పి తెలీకుండా ఉండటానికి కదరా ఆ ఇంజెక్షన్, మరి బీపీ ఎందుకు పడింది? గుండెకి కూడా మత్తెక్కిందా?"

మంచి ప్రశ్న. మనం మామూలుగా అడిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది, బీపీ ఎందుకు పెరిగింది అని. అసలు అది పడిపోకుండా ఇన్నాళ్ళూ ఎవరు పట్టుకుని ఉన్నారు అని ఎవరికీ అనుమానం రాదు.

గుండెకి మత్తెక్కలేదు. వెన్నుపాములోంచి బయల్దేరి రక్తనాళాలకి వెళ్ళే సన్నటి నరాలు కొన్ని ఉంటాయి, సింపథటిక్ నరాలు అంటారు. నొప్పిని మోసే నరాలతో పాటు ఇవి కూడా ఆ మందుకి మూగబోతాయి. మామూలు రోజుల్లో ఇవి రాత్రీ పగలూ తేడా లేకుండా రక్తనాళాల గోడల్లో ఉన్న కండరానికి "కాస్త బిగువుగా ఉండు" అని చెబుతూనే ఉంటాయి. ఆ మాట ఆగిందా, నాళాలు వదులైపోతాయి, రక్తం కాళ్ళలోనూ పొట్టలోనూ నిలబడిపోతుంది, బీపీ జారిపోతుంది. మెడిసిన్ చదివే పిల్లల ఫిజియాలజీ పుస్తకాల్లో దీని మీద ఒక గ్రాఫు ఉంటుంది. జంతువుకి వెన్నుపాము మొత్తానికి మత్తిస్తే సగటు పీడనం 100 నుంచి 50కి పడిపోతుంది, అప్పుడు రక్తంలోకి నాళాలని బిగించే నోరెడ్రినలిన్ అనే రసాయనం కాస్త ఎక్కిస్తే గబుక్కున లేస్తుంది, అది అరిగిపోయాక మళ్ళీ 50 దగ్గరికే వచ్చి కూర్చుంటుంది. అంటే మన బీపీలో సుమారు సగం పైనుంచి కిందికి వచ్చే వార్తల మీద నిలబడి ఉందన్నమాట. ఆ వార్తలన్నీ చివరికి రసాయనాలే.

మెడ పైన, పుర్రె అడుగున, వెన్నుపాము మెదడులో కలిసే చోట మెడుల్లా అని ఒక చిన్న ముక్క ఉంటుంది. దాని ముందువైపు, ఎడమా కుడీ చెరో పక్కన, కణాల గుంపు ఒకటి. శాస్త్రజ్ఞులు దానికి ఆర్‌వీఎల్ఎమ్ అని నోరు తిరగని పేరు పెట్టారు, మనం ఇంజను గది అందాం. 1974లో గెర్జెన్‌స్టైన్, సిల్వర్ అనే ఇద్దరు పిల్లుల మెడుల్లా మీద సరిగ్గా ఈ చోట, రెండు వైపులా, గ్లైసీన్ అద్దారు. గ్లైసీన్ నాడీకణాల నోరు నొక్కే రసాయనం. వెన్నుపాము కోసేస్తే బీపీ ఎంత పడుతుందో దాదాపు అంతా పడిపోయింది. అంత మెదడు ఉండగా చిటికెడు చోటు మూగబోతే చాలు, ఇంజను ఆగినట్టే.

ఈ గదిలో కణాలు ఎవరూ అడక్కుండానే టకటకమని సంకేతాలు పంపుతూ ఉంటాయి. వాటిలో చాలావాటికి అడ్రినలిన్ తయారుచేసే సరంజామా అంతా ఉంది, అందుకే మొదట్లో వాటి భాష అడ్రినలిన్ అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే వెన్నుపాముకి తక్షణం అందాల్సిన వార్తని అవి ముఖ్యంగా గ్లూటమేట్‌తోనే పంపుతాయి. గ్లూటమేట్ అంటే మెదడులో ఎక్కడ చూసినా కనిపించే "లే, కదులు" అనే రసాయనం. వెన్నుపాములో ఆ వార్త అందుకున్న కణం బయట ఉన్న నాడీముడికి అసిటైల్ కోలిన్‌తో చెబుతుంది, ఆ ముడిలోంచి బయల్దేరే చివరి నరం రక్తనాళం దగ్గర నోరెడ్రినలిన్ వదులుతుంది, అది కండరం మీదున్న గ్రాహకానికి అతుక్కుంటే నాళం బిగుస్తుంది. మూడు మజిలీలు, మూడు రసాయనాలు. అక్కకి ఆగిపోయింది ఈ దారే. మత్తు డాక్టర్లు అలాంటప్పుడు ఎక్కువగా వాడేది ఫినైలెఫ్రిన్. అది చివరి మజిలీలో నోరెడ్రినలిన్ అతుక్కునే తాళంలోకే దూరే మారు తాళంచెవి, పై దారి మూసుకుపోయినా పని జరిగిపోతుంది.

గోదావరి డెల్టాలోనో సాగర్ ఆయకట్టులోనో పుట్టి పెరిగినవాళ్ళకి లస్కరు తెలిసే ఉంటాడు. కాలువ గట్టు మీద తిరుగుతూ తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ ఉంటాడు కదా. తూములు దించితే పై కాలువలో నీటిమట్టం లేస్తుంది, ఎత్తితే పడుతుంది, ఎక్కువ ఎత్తితే శివారు పొలానికి చుక్క అందదు. మన ఒంట్లో సన్నటి ధమనులు ఆ తూములు, సింపథటిక్ నరాలు లస్కర్లు. నిలబడ్డప్పుడు శివారు పొలం ఏదంటారా? తలకాయే. అన్నిటికంటే ఎత్తున ఉండి, అన్నిటికంటే ముందు నీరు కావాలని గొడవ చేసేది అదే.

బ్రేకు సంగతి

పడుకుని ఉన్నవాళ్ళు లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకీ పొట్ట కిందికీ జారుతుంది. రోజూ పొద్దున్నే మనందరికీ జరిగేదే, అయినా మనలో చాలామంది పడిపోం. ఎందుకంటే కొన్ని సెకన్లలోనే సర్దుబాటు అయిపోతుంది. ఎలా అవుతుందో చూస్తే ఈ వ్యవస్థ మొత్తం అర్థమైపోతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మెడకి రెండు పక్కలా చెయ్యి పెడితే కొట్టుకునే ధమని ఉంటుంది కదా, అది రెండుగా చీలే చోట గోడ కాస్త ఉబ్బెత్తుగా, పల్చగా ఉంటుంది. గుండె పైన బృహద్ధమని వంపులోనూ అలాంటి చోటు ఉంది. ఈ రెండు చోట్లా గోడ సాగినప్పుడల్లా స్పందించే నరాల కొసలు ఉంటాయి. అవి కొలిచేది నిజానికి పీడనాన్ని కాదు, గోడ ఎంత సాగిందో దాన్ని. ఆ సాగుదలని కరెంటుగా మార్చే ప్రొటీన్ ఏదో చాలాకాలం దొరకలేదు. ఆర్డెమ్ పటపూషియన్ అనే శాస్త్రజ్ఞుడి బృందం 2010లో పీజో అనే ప్రొటీన్లని కనిపెట్టింది, 2018లో పీజో1, పీజో2 రెండూ తీసేసిన ఎలుకలకి ఈ బీపీ సర్దుబాటు పోతుందని తేలింది. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది, స్పర్శని పసిగట్టేది కూడా ఈ కుటుంబమే అని తేల్చినందుకు. చేత్తో ముట్టుకుంటే తెలిసేదీ, ధమని గోడకి బీపీ తెలిసేదీ ఒకే రకం పనిముట్టుతో అన్నమాట. నాకు ఈ ముక్క చదివినప్పుడు భలే సరదాగా అనిపించింది.

బీపీ పెరిగిందనుకోండి. గోడ ఎక్కువ సాగుతుంది, నరాలు ఎక్కువ సంకేతాలు పంపుతాయి, అవి మెడుల్లా వెనకవైపున్న ఎన్‌టీఎస్ అనే గుంపుకి చేరతాయి. ప్రభుత్వాఫీసులో ఇన్‌వార్డు సెక్షను లాంటిది ఇది, గుండె నుంచీ ఊపిరితిత్తుల నుంచీ పొట్ట నుంచీ వచ్చే కాగితాలన్నీ ముందు ఇక్కడే పడతాయి. ఇక్కడ వార్త గ్లూటమేట్ రూపంలో దిగుతుంది. ఇక్కడి నుంచి ఇంకో చిన్న గుంపుకి మళ్ళీ గ్లూటమేట్. ఆ గుంపు మాత్రం ఇంజను గదికి గ్లూటమేట్ పంపదు, గాబా పంపుతుంది. గాబా అంటే "ఆగు". ఇంజను నెమ్మదిస్తుంది, తూములు తెరుచుకుంటాయి, బీపీ దిగుతుంది.

లేచి నిలబడ్డప్పుడు దీనికి రివర్సు. మెడలో గోడ సాగడం తగ్గింది, ఇన్‌వార్డుకి కాగితాలు తగ్గాయి, గాబా తగ్గింది, ఇంజను జోరందుకుంది. ఇక్కడ జరిగింది గమనించారా, యాక్సిలరేటర్ ఎవరూ తొక్కలేదు. బ్రేకు మీద కాలు కాస్త తీశారు, అంతే. ఇంజను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, దాని మీద బ్రేకు ఎప్పుడూ కాస్త నొక్కి ఉంటుంది, బీపీ సర్దుబాటంతా ఎక్కువగా ఆ బ్రేకుని ఇంత నొక్కడం, ఇంత వదలడం. పల్లం దిగుతున్న లారీ డ్రైవరుని అడగండి, ఈ పద్ధతిలో స్పందన ఎంత చురుగ్గా ఉంటుందో చెబుతాడు.

బీపీ పెరిగినప్పుడు ఇన్‌వార్డు సెక్షను నుంచి ఇంకో కాగితం గుండెకి వెళ్ళే వేగస్ నరానికీ అందుతుంది. వేగస్ భాష అసిటైల్ కోలిన్, అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అసలు నరాలు రసాయనాలతో మాట్లాడతాయన్న సంగతి బయటపడిందే ఈ నరం దగ్గర. ఆస్ట్రియాలో గ్రాట్స్ అనే ఊళ్ళో ఆటో లూవీ అనే ఆయన రెండు కప్ప గుండెల్ని విడివిడిగా ద్రవంలో పెట్టి, మొదటిదాని వేగస్‌ని ప్రేరేపించి, అది నెమ్మదించాక దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండోదానికి పోశాడు. రెండోదీ నెమ్మదించింది, దానికి ఏ నరాన్నీ ముట్టుకోకుండానే. ఇది 1921లో అచ్చయింది, 1936లో నోబెల్ వచ్చింది. ఈ ప్రయోగం తనకి కలలో తట్టిందని, నిద్రమత్తులో కాగితం మీద గీకి పడుకుంటే పొద్దున్నే తన రాత తనకే అర్థం కాలేదని, మర్నాటి రాత్రి మళ్ళీ అదే కల వస్తే ఈసారి నేరుగా లేచి ల్యాబుకి పరిగెత్తానని ఆయనే చెప్పుకున్నాడు. తలగడ పక్కన పెన్ను పెట్టుకునేవాళ్ళంతా అక్షరాలు కాస్త గుండ్రంగా రాసుకోవడం మంచిది.

పెద్దవయసులో ధమనులు గట్టిపడి గోడ సాగదు, అందుకని ఈ సర్దుబాటు మందగిస్తుంది. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవాళ్ళలో ఆ నరాలే దెబ్బతినొచ్చు. ప్రోస్టేట్ కోసం ఇచ్చే ప్రజోసిన్, టామ్సులోసిన్ లాంటి బిళ్ళలు నోరెడ్రినలిన్ అతుక్కునే గ్రాహకాన్నే మూసేస్తాయి కాబట్టి వాటితోనూ లేవగానే కళ్ళు తిరగొచ్చు. రాత్రి బాత్రూంకి లేచి తూలిపడే తాతయ్యలకి చాలాసార్లు కారణం ఇదే, ఇంట్లోవాళ్ళేమో "నీరసం, సరిగ్గా తినడంలేదు" అంటారు. మంచం అంచున ఓ నిమిషం కాళ్ళు వేలాడేసి కూర్చుని లేవమని చెప్పేది, ఆ ఆలస్యమయ్యే కాగితాలు పైకి చేరే వ్యవధి ఇవ్వడానికే.

"నాకు బీపీ తెప్పించకు"

తెలుగులో కోపానికి ఇప్పుడు ఇదే పర్యాయపదం. ఇందులో నిజం ఎంత?

క్షణం మట్టుకు చూస్తే నిజమే. కోపం వచ్చినా భయం వేసినా మెదడు లోపల హైపోథాలమస్ అనే భాగం ఇంజను గదికి గేరు మార్చేస్తుంది. అంతేకాదు, బీపీ పెరిగింది తగ్గించండి అని మెడ నుంచి వచ్చే కాగితాలని కూడా ఆ కాసేపూ పక్కన పెట్టిస్తుంది. లేకపోతే పోట్లాటకి సిద్ధం కావాల్సిన ఒంటిని బ్రేకు వెనక్కి లాగేస్తుంది మరి. వ్యాయామంలోనూ ఇదే. 1985లో అచ్చయిన ఒక పరిశోధనలో బాడీబిల్డర్ల చేతి ధమనిలోకే గొట్టం పెట్టి, కాళ్ళతో భారీ బరువు నెడుతున్నప్పుడు బీపీ కొలిచారు. సగటున 320/250, ఒకతనికి 480/350 దాటింది. అచ్చు తప్పు కాదు. ఊపిరి బిగబట్టడం, బిగుసుకున్న కండరం నాళాలని నొక్కెయ్యడం అన్నీ కలిసి అలా అవుతుంది, బరువు దించిన కొన్ని సెకన్లలో దిగిపోతుంది. వాళ్ళెవరినీ బీపీ పేషెంట్లు అనలేదు. (ఇది చదివి బీపీ ఉన్నవాళ్ళు జిమ్ముకెళ్ళి ప్రయత్నించకండి దయచేసి.)

కాబట్టి పెరగడం జబ్బు కాదు. దిగాల్సిన చోటికి దిగకపోవడం జబ్బు. కోపం వస్తే 160 అయ్యి అరగంటలో 120కి వచ్చినవాడికీ, హాయిగా కుర్చీలో పేపరు చదువుకుంటూ 160 ఉన్నవాడికీ తేడా ఉంది. "నాకేం టెన్షన్ లేదు, నాకు బీపీ ఎందుకొస్తుంది" అనే రెండోవాళ్ళే ఎక్కువ, మన మాట చేసిన చెరుపు అది. టెన్షనూ హైపర్‌టెన్షనూ ఒకటే అనుకుంటాం.

మరి 160 ఉంటే ఆ బ్రేకు ఏం చేస్తున్నట్టు? పనిచేస్తూనే ఉంది, కాకపోతే 160 చుట్టూ. పీడనం ఎక్కువగా ఉన్నచోటే ఒకటి రెండు రోజులు నిలిచిపోతే ఆ సాగుదల నరాలు దానికి అలవాటుపడిపోతాయి, అదే మామూలు అన్నట్టు సంకేతాలు తగ్గించేస్తాయి. రైలు పట్టాల పక్క ఇంట్లో అద్దెకి దిగినవాళ్ళకి మొదటి వారం నిద్ర పట్టదు, తర్వాత రైలు రాకపోతే మెలకువ వస్తుంది, ఇదీ అంతే. అప్పుడు 160 నుంచి కిందికి దించబోతే వ్యవస్థ అడ్డుపడుతుంది, లేచినప్పుడు కళ్ళు తిరుగుతాయి, "ఈ బిళ్ళ నాకు పడలేదు" అని మనిషి మానేస్తాడు. మెల్లమెల్లగా దించుకుంటూ వస్తే మళ్ళీ కొత్త అంకెకి అలవాటు పడుతుంది, డాక్టర్లు డోసు కొద్దికొద్దిగా పెంచేది అందుకు కూడా.

1973లో కౌలీ, గైటన్ అనే శాస్త్రజ్ఞుల బృందం కుక్కల్లో ఈ సాగుదల నరాలని పూర్తిగా కోసేసి, రోజంతా బీపీ రికార్డు చేసింది. విపరీతంగా పెరిగిపోతుందని ఊహించాలి కదా, బ్రేకే తీసేశాక. 24 గంటల సగటు పెద్దగా పెరగలేదు. కానీ కాగితం మీద గీత మాత్రం పిచ్చిపట్టినట్టు పైకీ కిందికీ ఊగింది, లేస్తే పడిపోవడం, ఉలిక్కిపడితే ఎగిరిపోవడం. దాన్నిబట్టి గైటన్ అన్నదేమిటంటే, ఈ నరాల వలయం ఊగిసలాటని ఆపుతుంది, అంకెని నిర్ణయించేది మాత్రం ఉప్పూ నీళ్ళూ లెక్కచూసే కిడ్నీలు అని. చాలా ఏళ్ళు అదే వేదవాక్కులా నడిచింది. తర్వాత 2004లో కుక్కల మెడ దగ్గరి ఆ నరాలని వారం రోజులు ఆపకుండా కరెంటుతో ప్రేరేపిస్తే ఆ వారమంతా బీపీ తక్కువగానే ఉండిపోయిందని ఇంకో బృందం చూపించింది, అలవాటుపడి పైకి రాలేదు. వాదన మళ్ళీ మొదలైంది. నాకైతే కిడ్నీనా మెదడా అన్న ప్రశ్నే సరిగ్గా లేదనిపిస్తుంది, ఎందుకంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి.

ఆ మాటల్లో ముఖ్యమైనది యాంజియోటెన్సిన్. రక్తం తగ్గినా, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినా కిడ్నీ రెనిన్ వదులుతుంది, దాని వల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ తయారవుతుంది. ఇది నాళాలని నేరుగా బిగిస్తుందని అందరూ చదువుకున్నదే. మెదడులో ఇది చేసే పని గురించి తక్కువ మాట్లాడతారు. మామూలుగా రక్తంలోని ఇలాంటి పదార్థాలు మెదడులోకి దూరకుండా గట్టి గోడ ఉంటుంది, కానీ ఆ గోడకి రెండు మూడు చోట్ల కావాలనే కిటికీలు వదిలారు. రక్తంలో ఏముందో తొంగిచూసేందుకన్నమాట. ఆ కిటికీ దగ్గరి కణాల మీద యాంజియోటెన్సిన్ వాలగానే మూడు పనులు మొదలవుతాయి. దాహం వేస్తుంది. నీరు బయటికి పోనివ్వకుండా కిడ్నీని ఆపే వాసోప్రెసిన్ విడుదలవుతుంది. సింపథటిక్ ఇంజను జోరు పెరుగుతుంది. పైగా ఇన్‌వార్డు సెక్షనులో బ్రేకు కాగితాలకి విలువ తగ్గించేస్తుంది కూడా.

రోహిణీ కార్తె ఎండలో చెమటోడ్చి పనిచేసినవాడికి ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. ఉప్పు అరుదుగా దొరికే కాలంలో పుట్టిన ఏర్పాటిది. ఏసీ గదిలో కూర్చుని పప్పన్నంలోకి ఆవకాయ, దాని పక్కన అప్పడం, మజ్జిగలోకి ఊరమిరపకాయ నంజుకునేవాడికి ఇది పగవాడు. రక్తంలో సోడియం పెరిగినా అదే కిటికీల దగ్గరి కణాలకి తెలుస్తుంది, కొందరిలో అవి ఉప్పుని చూసి కూడా ఇంజను జోరు పెంచుతాయి, అందుకే ఒకే ఉప్పు ఇద్దరికి ఒకేలా పనిచెయ్యదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు, చెంచాకి తక్కువ. ఊరగాయ జాడీ ఉన్న ఇంట్లో అది మధ్యాహ్నానికే అయిపోతుంది.

సర్పగంధ నుంచి జలుబు మందు దాకా

మెదడు రసాయనాలకీ బీపీకీ లంకె ఉందని ప్రపంచానికి మందు రూపంలో చూపించింది మన దేశపు మొక్కే, ఈ సంగతి మనవాళ్ళకే పెద్దగా తెలీదు. సర్పగంధ వేరుని పిచ్చికీ నిద్రలేమికీ వాడటం పాత అలవాటు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఇది ఉన్మాదానికీ అధిక రక్తపోటుకీ రెండింటికీ పనిచేస్తుందని రాశారు. ఒకే వేరు మనసునీ బీపీనీ రెండింటినీ దించుతోందంటే రెండింటి వెనకా ఒకే సామాను ఉందని కదా అర్థం, కానీ ఆ ఊహ చెయ్యడానికి అప్పటికి కావాల్సిన శాస్త్రం లేదు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దీన్ని బీపీ పేషెంట్లకి ఇచ్చి వచ్చిన ఫలితాలని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చువేశారు, దాంతో పశ్చిమ దేశాలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీ వాళ్ళు అసలు పదార్థాన్ని వేరుచేసి రెసర్పిన్ అన్నారు. వకీల్‌కి 1957లో లాస్కర్ అవార్డు వచ్చింది.

రెసర్పిన్ చేసేదేమిటంటే నరం కొసల్లో నోరెడ్రినలిన్, డోపమైన్, సెరొటోనిన్ దాచిపెట్టే సంచులని నింపనివ్వదు. గోడౌను ఖాళీ. లస్కరుకి ఆర్డరు వస్తుంది, చేతిలో తాళంచెవి ఉండదు. బీపీ దిగుతుంది, సరే, కానీ అవే రసాయనాలు మెదడులో మిగతా పనులు కూడా చేస్తున్నాయి కదా. కొందరు దిగులుగా, ఏదీ పట్టనట్టు అయిపోయారు. ఆ దిగులుని చూసే డిప్రెషన్‌కీ ఈ రసాయనాలు తగ్గడానికీ సంబంధం ఉందేమో అన్న ఆలోచన బలపడింది. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్‌తో కదలిక లేకుండా కొయ్యబారిన కుందేళ్ళకి, మెదడులో డోపమైన్‌గా మారే ఎల్‌-డోపా ఇస్తే లేచి తిరిగాయి, పార్కిన్సన్స్ మందుకి దారి అక్కడ పడింది. బీపీ మందు ఒకటి పిచ్చాసుపత్రి మీదుగా వణుకు జబ్బు దాకా వెళ్ళింది. ఆయుర్వేదం పేరు చెప్పి ఇప్పుడు సర్పగంధ పొడి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, ఇదంతా చదివాక దాన్ని తేనెలో కలుపుకుని తాగబుద్ధి కాకపోతే సంతోషం.

క్లోనిడిన్ కథ దీనికంటే వింత. 1960ల మొదట్లో జర్మనీలో ముక్కు దిబ్బడకి చుక్కల మందుగా తయారుచేశారు. నాళాలని బిగిస్తుంది కాబట్టి ముక్కు తెరుచుకుంటుందని లెక్క. జలుబుతో ఉన్న ఒక సెక్రెటరీకి ముక్కులో వేసి చూస్తే ఆవిడ దాదాపు రోజంతా నిద్రపోయింది, బీపీ పడింది, గుండె నెమ్మదించింది. నాళాలని బిగించాల్సిన మందు బీపీ దించడమేమిటి? అది నాళం దగ్గర కాదు, మెదడులో పనిచేస్తోంది కాబట్టి. నోరెడ్రినలిన్ వదిలే కణాలకి తాము ఎంత వదిలామో చూసుకునే గ్రాహకం ఒకటి ఉంటుంది, "చాలు, ఇక ఆపు" అని చెప్పేది. క్లోనిడిన్ ఆ బటన్ నొక్కుతుంది. చాలాకాలంగా గర్భిణులకి ఇస్తున్న మిథైల్‌డోపా కూడా మెదడులో మారిపోయి చివరికి ఇదే బటన్ దగ్గరికి చేరుతుంది.

ఈ రకం మందుల్లో ఒక ప్రమాదం ఉంది. క్లోనిడిన్ వాడుతూ చెప్పాపెట్టకుండా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో బీపీ ఉన్నదానికంటే పైకి ఎగురుతుంది, గుండె దడ, చెమటలు, తలనొప్పి. బ్రేకు మీద బయటివాడి కాలు అన్నాళ్ళు ఉంది, ఒక్కసారి తీసేశాడు. మెడికల్ షాపు మూసి ఉందనో ఊరెళ్తూ మర్చిపోయాననో మానడానికి వీల్లేని బిళ్ళలు ఇవి. అందుకే ఈ మధ్య డాక్టర్లు ముందుగా రాసేవి మెదడు జోలికి పోనివి, యాంజియోటెన్సిన్‌ని అడ్డుకునే టెల్మిసార్టాన్, కాల్షియం దారి మూసే ఆమ్లోడిపిన్ లాంటివి.

మందు లేకుండా ఆ బ్రేకుని ఏమైనా కదపొచ్చా అంటే కొంచెం కదపొచ్చు. నిమిషానికి ఆరు ఊపిరుల దగ్గర ఈ సాగుదల వలయం చురుకుదనం పెరుగుతుంది. 2001లో ఇటలీలో లుసియానో బెర్నార్డి బృందం 23 మంది చేత ఒకసారి లాటిన్‌లో జపమాల ప్రార్థన, ఒకసారి యోగ మంత్రం చదివించింది, రెండిట్లోనూ ఊపిరి తనంతట తనే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది. దేవుడు మారినా లయ మారలేదు. దీంతో బీపీ బిళ్ళలు మానెయ్యొచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు, ప్రభావం చిన్నది. దీనికి సరిగ్గా వ్యతిరేకం గురక. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ తగ్గిందని మెడలోని ఇంకో రకం కణాలు కేక వేస్తాయి, ఇంజను ఉలిక్కిపడి లేస్తుంది. మామూలుగా రాత్రి 10 నుంచి 20 శాతం దిగాల్సిన బీపీ దిగదు. మూడు బిళ్ళలు వేస్తున్నా బీపీ తగ్గనివాళ్ళని డాక్టరు "గురక పెడతారా" అని అడిగితే అది కబుర్ల కోసం కాదు, భార్యనో భర్తనో వెంట తీసుకెళ్ళి నిజం చెప్పించండి.

ఇక కిడ్నీకీ మెదడుకీ మధ్య ఉన్న నరాల తీగనే కత్తిరించేస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి వైరు కిడ్నీ ధమని దాకా పంపి, దాని గోడ చుట్టూ ఉన్న సింపథటిక్ నరాలని వేడితో కాల్చడం. మొదట వచ్చిన ఫలితాలు చూసి అందరూ ఎగిరి గంతేశారు. 2014లో అమెరికాలో 535 మందితో చేసిన పరీక్షలో కొందరికి నిజంగా కాల్చారు, కొందరికి వైరు పెట్టినట్టు నటించి ఊరుకున్నారు. నిజంగా కాల్చినవాళ్ళకి 14 పాయింట్లు తగ్గింది, ఊరికే నటించినవాళ్ళకీ దాదాపు 12 తగ్గింది. పరువు పోయింది. పరికరాలు మార్చి, నరాలని ఇంకా జాగ్రత్తగా కాల్చి, మళ్ళీ పరీక్షలు చేసి, చివరికి 2023 నవంబరులో రెండు పరికరాలకి అమెరికాలో అనుమతి తెచ్చుకున్నారు. ధమనిలో వైరు పెట్టి, ఇంత ఖర్చు పెట్టి, నరాలు కాల్చాక తగ్గేది సుమారుగా ఒక బీపీ బిళ్ళ తగ్గించేంత.